రిమోటు లేని టెలివిజనును నడుపుట యెట్లు?

టెలివిజను చెడకుండగనే నిరుపయోగమైపోవుట యిప్పుడు పెక్కు గృహములలో చూచుచున్నాము. పెట్టెలో నే లోపమును లేదు. విద్యుత్తు వచ్చుచున్నది. ముందున్న చిన్న ఎఱ్ఱదీపము వెలుగుచునే యున్నది. కాని దానిని నడుపు రిమోటు నీటిలో పడియో, పసిబిడ్డల చేత పగిలియో, ఇల్లు మాఱునపుడు సామానులలో కలిసియో పోయినది. పూర్వపు టెలివిజనులకు ముందువైపున వరుసగా మీటలుండెడివి. ఇప్పటివానిలో పెక్కింటికి వెనుకనో క్రిందనో ఒకేయొక మీట యుండును. పెట్టెను గోడకు బిగించినపుడు దానిని చేతితో తడవి కనుగొనుటయే కష్టము. కావున రిమోటు పోవుట బీరువా తాళపుచెవి పోవుటవంటి దైనది.

తాళమునకు మాఱుచెవి చేయించుకొనునట్లే రిమోటునకును మాఱురిమోటు దొరకును. అంగళ్లలో దీనిని యూనివర్సల్ రిమోటని యమ్ముదురు. కాని దానిని కొని తెచ్చినంతమాత్రమున పని నెఱవేఱదు. మన యింటి పెట్టె కే భాష తెలియునో యా భాషలో మాటలాడుమని దానికి ముందుగా చెప్పవలెను. ఆ చెప్పు విధమును, దానికి గల కారణమును ఈ వ్యాసమున వివరించెదను. కారణమును ముందు చెప్పుటకు విద్యార్థులు విసుగుకొనకుందురు గాక. అంగడివాడిచ్చు కాగితములో విధము మాత్రమే యుండును, ఆ కాగితమా తఱచుగా చదువరాని యక్షరములతో నుండును, లేదా రెండవనాటికే కనబడకుండ పోవును.

రిమోటు వెలుతురుతో మాటలాడును. ఆ వెలుతురు మన కంటికి కనబడదు. 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎఱుపు రంగునకు ఆవల, ఏ రంగును లేనిచోట, ఉష్ణమాపకము మఱింత వేడిని చూపెను. అచట నేవో కనబడని కిరణములున్నవని ఆయన గ్రహించెను. వానినే మనము పరారుణ కిరణములని పాఠములలో చదువుచున్నాము. మన కన్ను సుమారు 400 నానోమీటరులు మొదలు 700 నానోమీటరుల వఱకు తరంగదైర్ఘ్యము గల కాంతిని చూడగలదు. రిమోటు ముక్కున నుండు గాజుపూసవంటి చిన్న దీపము సాధారణముగా 940 నానోమీటరుల కాంతిని వెదజల్లును. కనబడదు గదా యని దానిని నమ్మక పోనక్కఱలేదు. ఫోనులోని కెమెరాను తెఱచి, రిమోటు ముక్కును దానివైపు త్రిప్పి, ఒక మీటను నొక్కుడు. తెరపై ఊదారంగు వెలుగు మినుకు మినుకు మనుచు కనబడును. కొన్ని ఫోనుల వెనుకటి కెమెరాకు పరారుణమును అడ్డగించు పొర యుండును. అపుడు ముందటి కెమెరాతో చూడవలెను.

కాంతితో దూరమునుండి టెలివిజనును నడుపుట క్రొత్త యూహ కాదు. 1955 లో అమెరికా దేశమున జెనిత్ సంస్థలో పనిచేయు యూజీన్ పోలీ అనునాతడు ఫ్లాష్‌మాటిక్ అను సాధనమును నిర్మించెను. అది చిన్న తుపాకివలె నుండెడిది. దానినుండి వచ్చు మామూలు వెలుతురును టెలివిజను నాలుగు మూలలనున్న కాంతిగ్రాహకములపై ప్రసరింపజేసినచో పెట్టె యాజ్ఞను పాలించెడిది. అయితే కిటికీనుండి ఎండ వచ్చి ఆ గ్రాహకములపై పడినను అది యాజ్ఞయే యనుకొని టెలివిజను తనంతట తానే మాఱిపోయెడిది. ఈ చిక్కును తప్పించుటకు మఱుసటి సంవత్సరము, అనగా 1956 లో, అదే సంస్థలోని రాబర్ట్ ఆడ్లర్ వెలుతురును విడిచి శబ్దము నాశ్రయించెను. ఆయన రిమోటులో బ్యాటరీయే లేదు. మీటను నొక్కగా లోపలి చిన్న సుత్తి అల్యూమినియపు కడ్డీని కొట్టెడిది. చెవికి వినబడనంత హెచ్చు స్వరము పుట్టెడిది. పెట్టె దానిని విని పని చేసెడిది. ఇంచుమించు పాతిక సంవత్సరములు ఈ పద్ధతియే సాగినది. తరువాత మరల వెలుతురే వచ్చినది. మఱి యెండ చిక్కు ఏమైనది?

ఈ ప్రశ్నకు సమాధానము చక్కనిది. ఎండ నిలుకడగా వెలుగును. మన యింటి మామూలు దీపములు, విద్యుత్ప్రవాహము సెకనునకు 50 ఆవృత్తములు గలది గావున, సెకనునకు 100 మాఱులు హెచ్చి తగ్గుచుండును. రిమోటు దీపమో, వెలిగినంత సేపును నిలుకడగా వెలుగక, సెకనునకు సుమారు 38,000 మాఱులు ఆఱి వెలుగుచుండును. టెలివిజనులోని గ్రాహకము ఈ 38 కిలోహెర్ట్జుల మినుకును మాత్రమే లోనికి రానిచ్చి తక్కిన వెలుతురునంతయు త్రోసివేయును. మన విద్యార్థులు సైన్సు ప్రదర్శనలకు తెచ్చు టీసాప్ 1738 అను మూడుకాళ్ల నల్లని ముక్క యిట్టి గ్రాహకమే. దాని పేరు చివరనున్న 38 ఈ సంఖ్యనే తెలుపును. సంతలో వేయిమంది కేకలు వేయుచున్నను, తన తల్లి గొంతును మాత్రము బిడ్డ పోల్చుకొనుట వంటిదిది.

ఇక మాట యెట్లు పంపబడునో చూతము. తంతి యాఫీసులో కట్టకడ చుక్కలతో అక్షరములు పంపెడివారని పెద్దలు చెప్పగా వినియుందురు. ఆ తంతి సేవ మన దేశమున 2013 జూలైలో నిలిచిపోయినది గాని, దాని పద్ధతి మన చేతిలోని రిమోటులో నేటికిని బ్రతికియున్నది. జపాను దేశపు ఎన్.ఇ.సి. సంస్థ యేర్పఱచిన సంకేతపద్ధతిని ఉదాహరణముగా గైకొందము. పెక్కు యంత్రములు దీనినే వాడును. మొదట 9 మిల్లీసెకనుల సేపు దీపము మినుకుచుండును; పిమ్మట 4.5 మిల్లీసెకనుల మౌనము. ఇది "వినుము" అని పిలుచుట. ఆపై 32 గుఱుతులు వచ్చును. ఒక్కొక్కటి సున్నయో ఒకటియో యగును. ప్రతి గుఱుతునకును 0.5625 మిల్లీసెకను వెలుగు సమానమే; దాని వెనుక వచ్చు మౌనము పొట్టిదైన సున్న, పొడుగుదైన ఒకటి. సున్నకు మొత్తము 1.125 మిల్లీసెకనులును, ఒకటికి 2.25 మిల్లీసెకనులును పట్టును.

ఆ 32 గుఱుతులలో మొదటి 8 "ఎవరితో చెప్పుచున్నాను" అను చిరునామా. తరువాతి 8 అదే చిరునామా తలక్రిందులుగా, అనగా సున్నకు ఒకటియు, ఒకటికి సున్నయు నుంచి చెప్పినది. పిదప 8 "ఏమి చేయవలెను" అను ఆజ్ఞ. చివరి 8 ఆ యాజ్ఞయే తలక్రిందులుగా. ఒకే మాటను రెండు విధముల చెప్పుటచేత నడుమ నేదైన పొరపాటు వచ్చినచో పెట్టె కనిపెట్టి ఊరకుండును. ఇందులో నొక గణితపు చమత్కారము కలదు. చిరునామా యేదైనను, ఆజ్ఞ యేదైనను, తలక్రిందులుగా మరల చెప్పుటవలన మొత్తముపై ఎల్లప్పుడును 16 సున్నలు, 16 ఒకట్లు ఉండి తీరును. 16 ను 1.125 చే గుణింప 18. 16 ను 2.25 చే గుణింప 36. రెండును కలిసి 54. మొదటి పిలుపునకు పట్టిన 13.5 చేర్చగా 67.5 మిల్లీసెకనులు. ఏ మీటను నొక్కినను సందేశమునకు పట్టు కాలమొక్కటే. ఎనిమిదవ తరగతి వారు తమకు దోచిన ఆజ్ఞను వ్రాసికొని లెక్క వేసి చూచుకొనవచ్చును.

అన్ని సంస్థలును ఈ భాషనే మాటలాడినచో మనకు చిక్కే లేదు. కాని ఫిలిప్స్ వారి ఆర్.సి.-5 అను పద్ధతిలో మినుకు 36 కిలోహెర్ట్జులు, గుఱుతులు 14. సోనీ వారిది 40 కిలోహెర్ట్జులు. గుఱుతులు 12 గాని, 15 గాని, 20 గాని యుండును. ఫిలిప్స్ వారి పద్ధతిలో నొక తెలివి కలదు. ఒక గుఱుతు ప్రతి నొక్కునకును మాఱుచుండును. అందుచేత ఒకటవ మీటను రెండుమాఱులు నొక్కి 11 అడిగితిమా, లేక ఒక్కమాఱే నొక్కి వ్రేలు తీయకుంటిమా యను భేదము పెట్టెకు తెలియును. ఒకే సంస్థవారి పెట్టెలలో సైతము ఏండ్లు గడచినకొలది భాషయో చిరునామాయో మాఱుచుండును. ఒక పేరునకు అయిదాఱు సంకేతసంఖ్య లుండుటకు కారణ మిదియే.

యూనివర్సల్ రిమోటు కడుపులో ఈ భాషలన్నిటి పట్టిక యొకటి ముద్రింపబడి యుండును. మనము దానికి వేయు నాలుగంకెల సంఖ్య టెలివిజనునకు పంపబడునది కాదు; అది పట్టికలో పుటసంఖ్య మాత్రమే. "ఇన్నవ పుట తెఱచి అందున్నట్లు మాటలాడుము" అని దానికి చెప్పుచున్నామన్నమాట. ఈ యొక్క సంగతి తెలియకయే పలువురు కష్టపడుచుందురు. ఒక సంస్థ రిమోటుతో వచ్చిన సంఖ్యల కాగితమును వేఱొక సంస్థ రిమోటునకు వాడి, పని చేయలేదని దానిని పాఱవైచుదురు. పుస్తకము వేఱైనపుడు పుటసంఖ్య యెట్లు సరిపడును?

పట్టిక లేక వినికిడిచే నేర్చుకొను రిమోటులును గలవు. ఆపిల్ సంస్థ స్థాపకులలో నొకడైన స్టీవ్ వోజ్నియాక్ 1987 లో కోర్ అను పేర నిట్టిదానిని విడుదల చేసెను. అసలు రిమోటును దీని ముక్కునకు ఎదురుగా, కొలది అంగుళముల దూరమున నుంచి ఒక్కొక్క మీటను నొక్కగా, దాని పలుకును విని జ్ఞాపకముంచుకొనును. మన ప్రాంతమున డిష్ పెట్టెలతో వచ్చు రిమోటులలో కొన్నింటికి టెలివిజను మీటయు, ధ్వని మీటలును ఇట్లు నేర్చుకొను శక్తి కలదు. అసలు రిమోటు బ్రతికియున్నపుడే వానికి నేర్పి యుంచుకొనుట మేలు. అది పోయిన పిమ్మట, అదే మోడలు టెలివిజను గల పొరుగింటివారి రిమోటును పది నిమిషములు అడిగి తెచ్చుకొనుటయే యిక మార్గము.

కొనుటకు ముందు పాతది నిజముగా చచ్చినదో లేదో చూడవలెను. సెల్లులను మార్చుడు. వానిని పట్టియుంచు స్ప్రింగులపై పచ్చని చిలుము పట్టియున్నచో గరుకుకాగితముతో గీకుడు. పైన చెప్పినట్లు కెమెరాతో చూడుడు. వెలుగు వచ్చుచున్నను పెట్టె పలుకదేని, దోషము రిమోటుది కాదు. టెలివిజను కంటిముందు గుడ్డయో, అలంకారపు బొమ్మయో, దుమ్మో అడ్డముండును. మూడు నాలుగు మీటలు మాత్రమే పని చేయనిచో లోపలి రబ్బరు అట్ట అరిగినదని యర్థము. పలకను విప్పి మెత్తని పొడిగుడ్డతో తుడిచిన కొన్నాళ్లు నడచును.

ఇవి యేవియు ఫలింపనపుడు యూనివర్సల్ రిమోటును ఇట్లు సిద్ధపఱుపవలెను. టెలివిజనును దాని మీటతోనే వెలిగింపుడు. రిమోటుపై "సెట్" అని యున్న మీటను, చిన్న ఎఱ్ఱదీపము నిలుకడగా వెలుగువఱకు నొక్కిపట్టుడు. తరువాత "టీవీ" మీటను నొక్కి, ఆ రిమోటుతో వచ్చిన కాగితములో మన టెలివిజను పేరునకెదురుగా నున్న మొదటి సంఖ్యను నొక్కుడు. ఎఱ్ఱదీపము ఆఱినచో సంఖ్యను స్వీకరించినదని తెలియవలెను. పెట్టె విన్నదని కాదు. ఇప్పుడు పెట్టెవైపు త్రిప్పి పవరు మీటను నొక్కుడు. ఆఱినచో భాష కుదిరినది. ఆఱకున్న రెండవ సంఖ్య, మూడవ సంఖ్య. మీటల పేర్లును, దీపము తెలుపు విధమును రిమోటు రిమోటునకు కొంచెము మాఱును గాని క్రమ మిదియే.

సంఖ్య లేవియు కుదరనపుడు వెదకించు మార్గమున్నది. అందులో రిమోటు తన పట్టికలోని పుటల నొక్కొక్కటిగా తిరుగవేయుచు, ప్రతి పుటలోని పవరు ఆజ్ఞను పలుకుచుండును. కొన్ని తామే పలుకును. కొన్ని మనము నొక్కినపుడెల్ల నొకటి పలుకును. టెలివిజను ఆఱిన క్షణముననే ఆపి, ఆ పుటను స్థిరపఱచు మీటను నొక్కవలెను. ఇక్కడ కావలసినది ఓర్పు. పెట్టెలు ఆజ్ఞ విన్న ఒకటి రెండు సెకనుల తరువాతగాని ఆఱవు. త్వరపడి నొక్కుకొనుచు పోయినచో అసలు పుటను దాటిపోవుదుము. మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చును.

మా విద్యార్థులలో నొకని యింట జరిగినది యీ సందర్భమున చెప్పదగును. అతని నాయనమ్మ తుంటియెముక విఱిగి మంచము పట్టియుండెను. చూపును మందగించినది. తండ్రి లారీ నడుపుచు నెలకొకటి రెండుమాఱులు మాత్రమే యింటికి వచ్చువాడు; తల్లి పగలంతయు కూలికి పోవును. ముసలామెకు పగటితోడు టెలివిజను శబ్దమే. రిమోటు కాపడపు నీళ్లగిన్నెలో పడి పాడైనది. ఆ మోడలు ఇప్పుడు తయారగుట లేదనియు, క్రొత్త టెలివిజను కొనుట మేలనియు అంగడివాడు చెప్పెను. ఆ యింటివారికది యయ్యెడి పని కాదు. "నాకేమి లేరా నాయనా, గోడవైపు తిరిగి పండుకొందును" అని ఆమె యనెను.

బాలుడు యూనివర్సల్ రిమోటు నొకదానిని తెచ్చి కాగితములోని సంఖ్యల నన్నిటిని వేసెను, కుదరలేదు. పిదప వెదకించుటకు పూనుకొని, ఒక్కొక్క నొక్కునకును మూడంకెలు లెక్కించుచు సాగించెను. నలుబదికి పైగా నొక్కిన పిమ్మట తెర నల్లబడెను. అయితే ధ్వని హెచ్చుతగ్గులు పని చేసినవే గాని, ఇన్‌పుట్ మీట పని చేయలేదు. ఆ యూర విద్యుత్తు పలుమాఱు పోయి వచ్చుచుండును. వచ్చినపుడెల్ల ఆ టెలివిజను డిష్ పెట్టెను విడిచి తన సొంత తెరను చూపుచు నిలుచును. ఇన్‌పుట్ మీట లేనిదే ఆమె కది మూగపెట్టెయే. చాలామంది అక్కడ నాపివేయుదురు. పవరు ఆజ్ఞ యొకటే యైనను తక్కిన యాజ్ఞలు వేఱుగా నుండు పుటలు పట్టికలో పెక్కు లుండునని యీ బాలునికి తరగతిలో చెప్పియుంటిమి. అతడు వెదకుట నాపక ముందునకు సాగించెను. మఱి కొన్ని నొక్కుల తరువాత మరల తెర నల్లబడెను. ఈ మాఱు అన్ని మీటలును పలికినవి.

మఱియొక సంగతి మిగిలెను. క్రొత్త రిమోటుపై నలువదికి మించిన మీటలు, అన్నియు చదునైనవి. ఆమె చేతికేమి తెలియును? పెక్కు రిమోటులలో 5 అంకెపై చిన్న పొక్కు ఉండును. కన్ను చూడకున్నను వ్రేలు దానినిబట్టి తక్కిన యంకెలను తెలిసికొనును. ఈ బాలుడు తన యక్క బొట్టుబిళ్లల అట్టనుండి రాయి పొదిగిన బిళ్లలను తీసి, పవరు మీటపై నొకటి, ధ్వని హెచ్చించుదానిపై నొకటి, ఇన్‌పుట్ మీటపై రెండు అంటించెను. రాత్రి ఎవరిని లేపకుండ టెలివిజనును తానే ఆర్పుకొనగలుగుచున్నందుకు ఆమె యెక్కువ సంతసించినదని ఆ బాలుడు చెప్పెను.

యూనివర్సల్ రిమోటు లొంగదీయలేని యంత్రములును గలవు. టెలివిజనునకు తగిలించు స్ట్రీమింగ్ కడ్డీల రిమోటులు చాలవఱకు పరారుణముతో గాక బ్లూటూత్ అను రేడియో తరంగములతో మాటలాడును. అందుచేతనే దుప్పటిచాటునుండి నొక్కినను అవి పని చేయును. వానికి తమతో జతపఱచిన రిమోటే కావలెను. లేదా ఆ సంస్థవారు ఫోనునకిచ్చు ఆపును వాడుకొనవచ్చును. ఎయిర్ కండిషనరు రిమోటు పరారుణముదే యైనను దాని తీరు వేఱు. "ఒక డిగ్రీ తగ్గింపుము" అని యది చెప్పదు. ఒక్క మీట నొక్కినను ఉష్ణోగ్రత యెంత, గాలి యెంత, చల్లబఱచుటయా ఆరబెట్టుటయా యను సమాచారమంతయు నొక్కుమ్మడి పంపును. యంత్రము మాఱు పలుకదు. కావున నడుమ ఎవరైన అడ్డము నిలిచినచో రిమోటు తెరపై 24 యనియు, యంత్రములో 26 గాను ఉండిపోవచ్చును. దీనికి సొంత తెరగల ఎయిర్ కండిషనరు యూనివర్సల్ రిమోటునే కొనవలెను; టెలివిజను రిమోటు పనికిరాదు. కొన్ని ఫోనుల తలపై పరారుణ దీపము అమర్చియుందురు. అట్టి ఫోను గలవారు రిమోటు కొననక్కఱయే లేదు.

ఈ భాషలో రహస్యమేమియు లేదని గమనించియే యుందురు. ఎవరు పలికినను పెట్టె వినును. పొరుగింటి కిటికీగుండ వారి టెలివిజను నార్పి వినోదించు బాలురు కొందఱు గలరని వినుచున్నాను. ఆ యింట మంచము పట్టినవా రెవరైన ఉందురేమో వారికి తెలియదు గదా.

సంఖ్య కుదిరిన వెంటనే దానిని చిన్న కాగితముపై వ్రాసి, సెల్లుల మూతకు లోపలివైపున అంటింపవలెను. వెదకించి కనుగొన్నపుడు సంఖ్య తెలియదు. కొన్ని రిమోటులు అడిగినచో ఎఱ్ఱదీపమును మినుకరించి ఒక్కొక్క యంకెను లెక్కించుకొనునట్లు తెలుపును, ఆ విధము వాని కాగితములో నుండును. తక్కువ వెల రిమోటులలో కొన్ని, సెల్లులు తీసి కొంచెము సేపు ఉంచినచో, నేర్చినదంతయు మఱచిపోవును. కావున క్రొత్త సెల్లులను ప్రక్కన సిద్ధముగా నుంచుకొని, పాతవానిని తీసిన మఱుక్షణమే వానిని వేయవలెను.